పుట్టి లెక్క

స్టోన్‌హౌస్‌పేటలో తవుడు వాసనేసే మేడ మీద
మా ఆఫీసు. ఐదు విండోస్ డెస్కులు.
మెట్ల కింద, గోనెసంచుల పక్కన
తెర లేని, మౌసు లేని యూనిక్స్ పెట్టె.
రైసు మిల్లుల బిల్లు ప్రోగ్రాంలో
ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో
అంతా దానికి జ్ఞాపకం.

దాని దగ్గరికి ఎవరం నడిచి పోము.
పుట్టీ అని ఒక చిన్న కిటికీ తెరిచి
ఆ నలుపులోకి తాళంచెవి చూపిస్తాం.
మొదటిరోజు ఆ పేరు విని నవ్వాను.
"మా ఊళ్ళో వడ్లు కొలిచేది పుట్టితోనే సార్!"
పెంచల నరసింహం నవ్వలేదు.
"అది ఎనిమిదొందల యాభై కిలోలు.
ఇది, ఒక్క అక్షరం తప్పినా తలుపు తియ్యదు."

ఇంగ్లీషు బి పెద్దదైనా చిన్నదైనా
విండోస్‌కి ఒకటేనంట,
యూనిక్స్‌కి ఇద్దరు మనుషులంట.
"మన అక్షరాల్లో పెద్దా చిన్నా లేవుగా" అన్నాను.
"పురికీ పూరీకీ తేడా తెలీదా నీకు?"
అని టీకి దిగిపోయాడు.

మొన్న మంగళవారం
హమాలీ రేటు మార్చాను. ఒకే ఒక్క అంకె.
పెట్టెకి పంపించేశాను.
మధ్యాహ్నం మస్తానీ కేకేసింది,
"ఇదేందే, రెండువేల లైన్లూ నువ్వే రాసినట్టుండాదే!"

నిజమే.
వెంగమ్మ, వెంగమ్మ, వెంగమ్మ...
నాట్లేసినట్టు వరసగా నా పేరే.
తొమ్మిదేళ్ళ పెంచల నరసింహం
ఒక్క గట్టు మీద కూడా లేడు.

లైను చివర యూనిక్స్ ఒక్క గుర్తు పెడుతుంది.
విండోస్ రెండు పెడుతుంది,
పాత టైపు మిషను అలవాటు,
బండి వెనక్కి, కాగితం పైకి.
కంటికి కనపడవు. నా ఎడిటరు
ప్రతి లైనుకీ ఒక తాలుగింజ అంటించి పంపింది.

నెలాఖరుకి మానేస్తున్న మనిషి
వచ్చి నా వెనక నిలబడ్డాడు.
"అప్పుడే చెరిపేశావా?" అన్నాడు.
నేను తల తిప్పలేదు.

పాతది వెనక్కి తెచ్చి, తాలు చెరిగి,
నా ఒక్క అంకె మళ్ళీ పంపేసరికి
మిల్లులు దీపాలు వేశాయి.
ఆయన పేరు తిరిగొచ్చింది, లైను లైనుకీ.
నాలుగొందల పన్నెండో లైను పక్కన
ఇన్నాళ్ళూ నేను చదవని మాట:
"పుట్టి 850. వేరే జిల్లా లెక్క వేరు. మార్చే ముందు ఫోన్ చెయ్యండి."
కింద ఒక ల్యాండ్‌లైన్ నంబరు.

చేసి చూశాను. మోగలేదు.
కొత్త నంబరు రాద్దామని కర్సరు పెట్టి
మళ్ళీ తీసేశాను.
ముట్టుకుంటే ఆ లైను నాదైపోద్ది.