ప, బ, మ

పెదాల మీద ఈ మూడూ ఒకటే.
నమ్మకపోతే అద్దం ముందు నిలబడి చూసుకోండి.
పాట అన్నా, బాట అన్నా, మాట అన్నా
రెండు తలుపులు మూసుకొని తెరుచుకుంటాయి, అంతే.
లోపల ఎవరున్నారో
నేను ఊహించుకోవాలి.

నాలుగేళ్లప్పుడు జ్వరం.
చిత్తూరు నించి వేలూరికి అమ్మ ఒళ్లో పడుకొని పోయినప్పుడు
బస్సుకు రొద ఉన్నింది.
తిరిగొచ్చేటప్పుడు లేదు.
బస్సు ఆగిపోయిందనుకున్నా.
కిటికీలో చింతచెట్లు మాత్రం
పరిగెత్తుతానే ఉన్నాయి.

తరవాత ఛాతీ మీద వైర్ల పెట్టె,
దాని కోసం ప్రతి గౌనుకూ అమ్మ కుట్టిన జేబు.
మిట్టూరులో సుగుణ టీచరు
నా నోటి ముందు కాగితం ముక్క పట్టుకునేది.
ఎగిరితే ప. కొంచెమే కదిలితే బ.
ముక్కు మీద వేలు వణికితే మ.
ఆ కాగితాన్ని ఎగరెయ్యడానికి రెండేళ్లు పట్టింది.
చేతులు ఊపితే స్కేలు.
‘చేతులు కింద! కోతి చేష్టలు చేస్తే మాటలు రావు.’
ఆ ఒక్క వాక్యం తప్పు లేకుండా చదివేదాన్ని,
అన్నిసార్లు చూశాను దాన్ని.
చేతుల్ని తొడల కింద పెట్టుకొని కూర్చోవడం
నేను నేర్చిన మొదటి విద్య.

తిరుపతిలో ఇంజనీరింగు.
థర్మోడైనమిక్స్ సారుకు పెద్ద మీసం,
రెండో సూత్రమంతా అందులోనే చిక్కుకుపోయింది.
మిగతావాళ్లు బోర్డు వైపు తిరిగి చెప్పేవాళ్లు.
వీపులకు పెదాలుండవు.
హిమజ తన నోటుబుక్కులో కార్బన్ పేపరు పెట్టేది.
నాలుగేళ్ల చదువు నాకు నీలంగా, మసకమసగ్గా వచ్చింది.
ఆమె కునుకు తీసిన చోట
నా కాగితం మీద కూడా ఒక గీత జారిపోయి ఉండేది.
వైవాలో పంపు అన్నారో బాంబు అన్నారో తేల్చుకునేలోగా
ఎగ్జామినరు గడియారం చూసుకున్నాడు.

ఉద్యోగం వచ్చింది. రేణిగుంటలో ఫ్యాక్టరీ, మెయింటెనెన్సు.
‘చెవులు వినపడవు కదా,
మిషను మీద చెయ్యి పెడితే నీకన్నీ తెలుస్తాయంట’ అంటారు.
లేదండీ. మీటరు చూస్తాను.
మీరూ చూడొచ్చు.

ఇరవై నాలుగో ఏట, ఒక ఆదివారం సాయంత్రం,
తిరుపతి స్టేషన్లో రైలు కోసం నిలబడ్డాను.
ఈ ప్లాట్‌ఫారం మీద ఒకతను, ఆ ప్లాట్‌ఫారం మీద ఒకామె.
అందరూ దోసిళ్లు నోటికి అడ్డం పెట్టుకొని అరుచుకుంటుంటే
వాళ్లిద్దరూ పట్టాల మీదుగా
తీరిగ్గా పోట్లాడుకుంటున్నారు.
చేతులతో.
నా చేతులు బ్యాగు వెనక దాక్కున్నాయి,
స్కేలు గుర్తొచ్చి.
గూడ్సు వచ్చి మధ్యలో దూరింది.
పెట్టెకూ పెట్టెకూ నడుమ సందుల్లోంచి
ఆమె ముక్కలు ముక్కలుగా వాక్యం పూర్తి చేసింది.
అతను పగలబడి నవ్వాడు.

నాకు అర్థం కాని జోకులు చానా చూశాను.
నేర్చుకుంటే అర్థమయ్యే జోకు
అదే మొదటిది.
నా రైలు పోయింది.

అతను ఫ్లెక్సీ షాపు చెంగల్రాయలు.
ఆమె జాకెట్లు కుట్టే నసీమా.
నసీమా ఐదో తరగతితో ఆపేసింది.
నా తప్పులు దిద్దేటప్పుడు
ఆ సంగతి ఇద్దరికీ గుర్తుండేది కాదు.
ఇరవై ఏళ్లు తొడల కింద ఉన్న వేళ్లు, అంత తొందరగా వంగలేదు.
నాకొక పేరు పెట్టారు,
రెండు వేళ్లతో పెదాల మీద తట్టడం.
‘ఎప్పుడూ నోళ్లకేసే చూస్తుంటావు కదా’ అంది నసీమా.
కోపమొచ్చింది.
వారం తిరిగేసరికి ఆ పేరుకే పలికాను.

ఇక్కడ పాట వేరు, బాట వేరు, మాట వేరు.
ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి దూరదు.

మొన్న వంటింట్లో అమ్మ ఏదో అనబోయి ఆగి,
పిండి చేతిని గాల్లోకి ఎత్తి
‘తిన్నావా’ అని అడిగింది.
నిజానికి ఆమె అడిగింది ‘నిద్రపోయావా’ అని.
నేను దిద్దలేదు.
తిన్నానని చెప్పాను, చేత్తో.
పిండి నేలంతా రాలింది.
దానికి నన్నే తిట్టింది.
తిట్టు మాత్రం నోటితోనే.
ప తో మొదలయిందో, బ తోనో,
మ తోనో.