పిడికెడు తవుడు

జీడి సొన తినేసిన నా బొటనవేలికి
ఫోను తెరుచుకోదు.
కాశీబుగ్గ బట్టీ దగ్గర, టీ వేళ,
మేనల్లుడు ఢిల్లేశు తనది చూపించాడు:
చుక్క తర్వాత ఏడు సున్నాలు,
చివర్న ఒకటి.
"సతోషీ, మావా. పది కోట్లు కలిస్తే ఒక బిట్‌కాయిను."

గుండు, బద్ద, ముక్క, నూక –
జల్లెళ్ళన్నీ ఎరుగుదును.
"ఇది పొట్టేట్రా?"
"కాదు, పప్పే. మరీ సన్నం."

తూకానికి రానిది పప్పెలా అవుతాదని
నేను నవ్వుతుంటే
గంప దించుతూ దాలమ్మ అంది:
"నీ పేరేటి?"

నాకు ముందు ఇద్దరు పోయారు.
పురిట్లోనే నన్ను మంత్రసానికిచ్చేసి
పిడికెడు తవుడు పోసి
మళ్ళీ కొనుక్కుంది అమ్మ.
తవిటయ్యని.

ఆ పిడికిట్లో ఎన్ని నలుసులో
ఎవరు లెక్కెట్టారు?
ఒక్క నలుసు దక్కింది.

"అల్లుడా, ఆ సున్నాలు
ఇంకోపాలి చూపించు."