జనరేటర్ అందుకునే లోపల

చిత్తూరు దాటి గుడిపాల దోవలో
మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
సీజనంటే నలభై ఐదు దినాలు.
గేటు బయట తోతాపురి లారీలు మైలు పొడుగునా,
లోపల పల్పర్ తిరగతానే ఉంటాది.
పక్కనోడు తుమ్మినా వినపడదు.

అందుకని మేం అరుస్తాం.
"నీళ్లు తాగినావా" అనేదీ అరుపే,
"నీ కొడుక్కి జరం తగ్గిందా" అనేదీ అరుపే.
బాయిలర్ కాడి ఎత్తిరాజులు
కూతురి పెండ్లికి నన్ను పిలిచిందీ
మెడ నరాలు తేలేలా అరిచే.
ఎవురూ తప్పు పట్టుకోలేదు.
పన్నెండు సీజన్లు అట్నే గడిచినాయి.
నా ఎడమ చెవి సగం పోయింది.
ఇంట్లో ఊరిబిండి ఇంకొంచెం వెయ్యమన్నా
నా పెండ్లాం చెవి మూసుకొని అంటాది,
ఇది ఫ్యాక్టరీ గాదు సామీ, వంటిల్లు.

మొన్న జూన్లో, రెండో షిఫ్టులో,
బెల్టు మీద మచ్చ కాయ ఒకటి
తప్పించుకొని పోతా ఉంటే
మొగిలమ్మను కేకేసినా.
"కండ్లు యాడ పెట్టినావు మే, కూలి తేరగా వస్తాదా"
సరిగ్గా "కండ్లు" కాడ కరెంటు పోయింది.

పల్పర్ ఆగింది. ఫ్యాన్లు ఆగినాయి.
మిగతా మాటలు
ఒంటి మీద చొక్కా లేకుండా బయటికొచ్చి
రేకుల కప్పుకు తగిలి
నా కాడికే తిరిగొచ్చినాయి.
అది నా గొంతని నాకు తెలీదు.
చక్కెర ఫ్యాక్టరీ తూకం కాడ
మా నాయనను ఎండలో నిలబెట్టి మాట్లాడినోళ్ల
గొంతు మాదిరి ఉన్నింది.

అరవై మంది ఆడోళ్లు. ఒక్కరూ తల ఎత్తలేదు.
గ్లవుసుల్లోంచి గుజ్జు
బొట్లు బొట్లుగా నేల మీద పడే చప్పుడు విన్నా.
జనరేటర్ అందుకోను పదకొండు సెకన్లు,
రిజిస్టర్లో రాస్తాం కాబట్టి తెలుసు.
"రొదకు అరిచినాలేమ్మా" అనేదానికి
మూడు సెకన్లు చాలు.
రేకుల కప్పు చూస్తా నిలబడినా.

మరుసటి దినం నుంచి మొగిలమ్మ "సరే సార్" మారింది.
మాట అదే.
ముందు దానికి తోక ఉండేది,
సరే సార్, కానీ ఈ లోడు పచ్చి, రెండు దినాలు మాగనీండి.
సరే సార్, ఆ మూడో రోలరు ఏందో మూలగతా ఉండాది.
ఇప్పుడు సరే సార్. అంతే.
బోల్టు బిగించినట్టు.
మూడో రోలరు బేరింగు శనివారం కాలిపోయింది.
ఆమెకు వారం ముందే తెలిసుంటాది.
మేనేజరు ఫోన్లో నా మీద ఎగిరినాడు.
ఆయప్పకు నేనూ అన్నా, సరే సార్.
తోక లేకుండా.

మెత్తగా మాట్లాడదామని చూసినా.
పల్పర్ పక్కన మెత్తదనమంటే
ఉత్త పెదాలు ఆడించడమే.
నోటీసు బోర్డులో రాసినా,
రేపు లోడు ఎక్కువ, దయచేసి ఆరింటికే రండి.
"దయచేసి" కింద గీత గూడా కొట్టినా.
చాక్‌పీసుకు గొంతు ఉండదనుకున్నా.
చదవను రానోళ్ల కోసం రెడ్డెమ్మ పైకి చదివింది,
అచ్చం నా మాదిరే, కండ్లు ఉరిమి.
గీత కొట్టిన కాడ ఇంకా గట్టిగా.
అందరూ నవ్వినారు.
వాళ్లు నవ్వింది చూసి
నాకూ నవ్వొచ్చింది, అదీ లోపలే.

సీజను ముగిసిన దినం
యంత్రాలకు నీళ్లు కొట్టి కడగతా ఉండారు.
కాకులు గూడా వినపడతా ఉన్నాయి.
మొగిలమ్మ కూలి కవరు కొంగున ముడేసుకొని
చెప్పులు వెతుక్కుంటా ఉంటే దగ్గరికి పోయినా.
ఇంత నిశ్శబ్దంలో మనిషితో మాట్లాడను
గొంతు ఎంత ఎత్తాల్నో
నాకు గుర్తు రాలా.
"వచ్చే ఏడు వస్తావా మొగిలమ్మా"
సగం నోట్లోనే ఉండిపోయింది.

ఆమె తిరిగి చూసింది.
"ఏంది సార్, వినపడలా," అనింది,
"కొంచెం గట్టిగా చెప్పండి."