మీటరు నాన్న పేరున

సఖినేటిపల్లి రేవులో పంటెక్కి
నర్సాపురంలో దిగేసరికి తొమ్మిదిన్నర.
బురద చెప్పులు కుళాయి కింద కడుక్కుని
కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాను.
సుబ్బరాయుడు గారు కళ్లజోడు మీదుగా చూసి
"నేలపూడి కెజియా... నీది అనర్హత అని వచ్చిందమ్మా" అన్నారు.

అనర్హత.
అర్హతకు వ్యతిరేక పదం రాయమంటే
ఎనిమిదో తరగతిలో అర మార్కుకు రాసిన మాట.
అప్పుడు కరెక్టే.

కారణం అని ఉన్నచోట ఒకే లైను:
కరెంటు నెలకు సగటున మూడు వందల పన్నెండు యూనిట్లు.
మూడు వందలు దాటితే పేదవాళ్లం కాదట.

మా ఇంట్లో ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను.
ఫ్యాను రెక్క ఒకటి వంగి, తిరిగినంతసేపూ దగ్గుతుంది.
అమ్మ లేసు అల్లేది గుమ్మం దగ్గర పగటి వెలుతురులోనే,
లైటు కింద తెల్లదారం పాలిపోయి కనబడుతుందని.
కండెకు ఇంతని కూలి. కరెంటుతో ఆమెకు పనే లేదు.

మరి మిగతా యూనిట్లు ఎవరు తిన్నారు?

సాయంత్రం నాన్న కాపలా ఉండే చెరువు గట్టుకు పోయాను.
ఏరేటర్లు నీళ్లను చిలుకుతున్నాయి, రొయ్యకు ఊపిరాడాలి.
గట్టు చివర ఆసామి మకాం,
ఆదివారం వచ్చి పడుకునే గది, గదికి ఏసీ,
రొయ్యకు రోగమొస్తే వేసే మందులకు ఫ్రిజ్జు.
నాన్న నా మొహం చూడకుండా మేత బస్తా మూతి కట్టాడు.
కట్టిందే మళ్లీ విప్పి కట్టాడు.
"మీటరు నీ పేరునుంటే బిల్లు తక్కువ పడుద్ది ఏసుపాదం,
నీకేం పోద్ది అన్నారమ్మా.
నేనూ అదే అనుకున్నాను, నాకేం పోద్దిలే అని."

మా తాత కాలువ లస్కరు వెనక రోజుకూలీ.
పేపర్లో నీరు విడుదల అని పడగానే
నారు పోయకండర్రా అనేవాడు.
తలుపులెత్తింది ధవళేశ్వరంలో, మనం శివారులో.
నడుమ ఎన్ని లాకులు, ఎన్ని తూములు,
రాత్రిపూట ఎవరెవరు కొట్టుకునే గండ్లు.
ఇప్పుడు నిధులు విడుదల అని పడుతోంది.
అదే పేపరు, అదే మాట.
తాసిల్దారు సంతకం ఒక లాకు.
సచివాలయం ఒక తూము.
బ్యాంకు ఖాతా, దానికి ఆధారు, ఆధారుకు అమ్మ వేలు.
దారం ఒరిసి ఒరిసి గీతలు చెరిగిన ఆ వేలిని
యంత్రం నాలుగుసార్లు చూసి ఎవరో తెలీదంది.
ఐదోసారి అమ్మ వేలిని చీరకు తుడిచి
నొక్కిపట్టింది, దొంగను పట్టినట్టు.

అర్జీ పెట్టుకోమంది సచివాలయం అమ్మాయి.
మీటరు పేరు మారితే లెక్కా మారుతుందట.
నాన్న భీమవరం వెళ్లి ఆసామి గేటు బయట
మధ్యాహ్నం దాకా నిలబడ్డాడని
ఆయన చొక్కా మీద తెల్లగా ఎండిన చెమట చెప్పింది.
ఉద్యోగం పోలేదు. ఆసామి నవ్వాడట కూడా.
"దీనికింత దూరం రావాలా?"

రెండు నెలలకు నా పేరు పక్కన అర్హత అని పడింది.
సుబ్బరాయుడు గారు కిటికీలోంచి లడ్డూ ముక్క ఇచ్చారు.
డబ్బు ఇంకా రాలేదు, శివారు కదా, వస్తుంది.
ఆ రాత్రి అన్నం కలుపుతూ అడిగాను,
"ఇంతకీ మీటరు ఎవరి పేరున మార్చారు నాన్నా?"
ముద్ద చేతిలోనే ఉండిపోయింది.
"వల లాగే కొల్లాటి పోలయ్య పేరున."

పోలయ్యకు ఇంటరు రెండో ఏడు చదివే కొడుకున్నాడు.
వాడు ఇవాళ పంటు మీద నా పక్కనే నిలబడ్డాడు,
రెయిలింగుకు సంచి తగిలించి
పెదాలు కదుపుతూ ఫిజిక్సు సూత్రాలు వల్లిస్తూ.
కరెంటు పాఠమే.
వోల్టులు, ఆంపియర్లు, ఒక యూనిట్ అనగానేమి.
నా సంచిలో అర్హత కాగితం నాలుగు మడతలుగా ఉంది.
ఇది అంటే నాన్న పని ఏమవుతుందో తెలియదు.
ఇంజను హోరులో వినబడేలా కొంచెం గట్టిగానే అడిగాను:
"హేమంతూ, మీ నాన్న పేరున
మీటర్లెన్నున్నాయో నీకు తెలుసా?"