పొల్లు పోకుండా

గ్రిమ్స్‌బీలో పొద్దున ఎనిమిదంటే
తెర మీద ఎర్రటి అంకె.
ఇరవై ఏడుమంది లైన్లో.
అందరికీ ఇవాళే కావాలి డాక్టరు.
హెడ్‌సెట్ తగిలించుకుని
చాయ్ చల్లారేలోపు పదకొండు దగ్గులు వింటాను.

నాకంటే ముందు ఒక మర పలుకుతుంది:
మీ సమస్య ఒక్క మాటలో చెప్పండి.
చెప్పకపోతే
క్షమించండి, అర్థం కాలేదు.
మూడు క్షమాపణలయ్యాక
విసుగొచ్చినట్టు మనిషిని నా మీదికి తోస్తుంది.

ఆ మంగళవారం కాల్లో మాట లేదు.
మూసిన పెదవుల వెనక
గాలి గుద్దుకుంటున్న చప్పుడు.
బ్… బ్…
అచ్చు కలవని హల్లు.
బడిలో దాన్ని పొల్లు అనేవాళ్లు,
ఇంట్లో చేటలోంచి ఎగిరిపోయే దాన్నీ పొల్లే అనేవాళ్లు.

పిల్లలెవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను.
ఐదు సెకన్లు దాటితే పెట్టేయాలని నియమం.
వేలికి చాలా తేలిక, నియమం.
మూడుసార్లు వచ్చింది.
మూడుసార్లూ పెట్టేశాను.
రిజిస్టర్లో రాశాను: ఖాళీ.

శుక్రవారం మనిషే వచ్చాడు.
చేపల రేవులో ముప్పై ఏళ్లు ఐసు మోసిన భుజాలు,
కుడికాలికి బూటు బదులు ప్లాస్టిక్ సంచి.
కరెంటు బిల్లు కవరు వెనక,
వానకి సిరా పాకిన అక్షరాలు:
బెర్నార్డ్ స్టబ్లీ. షుగర్. కాలివేలు నల్లబడింది.
మంగళవారం మూడుసార్లు చేశాను.
ఫోన్లో నా పేరే నాకు పలకదు.

ఆ వేలు తీసేశారు.
మంగళవారమే చూసుంటే దక్కేదా అని
నేను డాక్టర్ని అడగలేదు.
అడగకపోవడానికి నాకు నత్తి లేదు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు మా వైపు.
నేనూ అన్నాను ఎన్నోసార్లు, నవ్వుతూ.
అడగడానికి నోరు తిరగనివాడి సంగతి
ఆ సామెత కట్టినవాళ్లకి తోచినట్టు లేదు.
పెట్టకపోవడం, పెట్టేయడం
ఎంత దగ్గరి మాటలో
ఆ రాత్రి బస్సులో తట్టింది.

అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు మనకి?
అడిగింది మేనేజరు హేజెల్ ఓల్డ్‌రాయిడ్.
ఫోన్ చెయ్యలేనివాళ్ల లెక్క
ఫోన్లో తేలదన్నాను.
ఆమె చాలాసేపు మాట్లాడలేదు,
ఐదు సెకన్లకి మించే.

తర్వాత, నెమ్మదిగా, ఆర్నెల్లకి,
మెసేజ్ పంపే నంబరొకటి
అద్దాల తలుపు మీద పెద్దక్షరాల్లో.
మరకి ఓపిక పెంచారు, ఐదు నుంచి నలభైకి.
‘ఒక్క మాటలో’ అన్నది తీసేశారు.
పక్షవాతంతో మాట ముద్దయిన విన్నీ పాస్కోకి
మధ్యలో మరో గొంతు కూర్చుంటుంది,
ఆవిడ అన్నది అన్నట్టు
పొల్లు పోకుండా నాకందిస్తుంది,
తిట్లతో సహా.
బెర్నార్డ్ పేరు పక్కన పసుపు చీటీ:
మాట ఆలస్యంగా వస్తుంది. వస్తుంది. ఆగండి.
వాక్యం మీరు పూర్తి చెయ్యకండి.
ఆ చివరి ముక్క అతనే పట్టుబట్టి రాయించాడు.

నిన్న ఫోన్ మోగింది.
మెసేజ్ పెట్టొచ్చు, ఫోనే చేశాడు.
బ్…
తెర మీద పందొమ్మిది, ఇరవై, ఇరవై మూడు.
నా వేళ్లు ఒళ్లో పెట్టుకున్నాను.
అతని వంటింటి గడియారం వినపడింది,
కిటికీ అవతల సీగల్ ఒకటి, దేనికో అరుస్తూ.
ఖాళీ అని రాసిన చోట
ఇంత సరుకుందా.

…బెర్నార్డ్.

గుడ్ మార్నింగ్ బెర్నార్డ్. పుట్టిన తేదీ?
అడగాలి మరి, అదీ నియమమే.
అవతల నవ్వు,
ఎక్కడా తట్టుకోకుండా గలగలా.
అతనిది ఫిబ్రవరి.
నెలలన్నిటిలోకీ పొట్టిదంటారు గానీ
మా ఇద్దరికీ తెలుసు
అదెంత పొడుగో.