పొద్దుగాల లేచేటివి

చండూరు మీసేవల షట్టర్ లేపి
స్విచ్చేస్తె పదకొండు నిమిషాలు.
లెక్క నాది కాదు,
బయట బండ మీద కూసున్న అండాలుది.
"ఒక చాయ్ తాగొచ్చిన, రెండోది తాగుతున్న,
నీ డబ్బ ఇంక కండ్లు తెరవలే."

తెర మీద చుక్కలు గిరగిర తిరుగుతున్నయి
నీళ్లందక గాలి గుంజే బోరు లెక్క.

ఇయ్యాల శనివారం. పైన సర్వర్ పండుకున్నది.
పని లేదు. చేతులు ఊకుంటలేవు.
టాస్క్ మేనేజర్ తెరిచి
స్టార్టప్ అన్న కాడ నొక్కిన.

ఇరవై మూడు పేర్లు!
నేను కుర్చీ దుమ్ము దులపకముందే
లోపట లేచి కూసునేటోళ్లు ఇంతమందా?

పోయినేడు కాలిపోయిన ప్రింటర్‌ది ఒకటి.
దినాం లేచి
పాత సామాన్లోనికి అమ్మేసిన ప్రింటర్ కోసం
ఎదురుచూస్తనే ఉన్నది.
ఆపిన.
మూడు యాంటీవైరస్‌లు, దొంగను ఇడిసిపెట్టి
ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతున్నయి.
రెండిటిని ఆపిన.
లాక్‌డౌన్ల పిల్లల క్లాసులకని ఎక్కించిన మీటింగు
మాస్కు తియ్యకుండ ఇంక గాడనే ఉన్నది.
సినిమాలు గుంజేటిది, పెండ్లి ఆల్బం చేసేటిది,
పేకాట.
ఆపిన, ఆపిన, ఆపిన.

చంపుడు కాదు ఇది.
పొద్దుగాలనే లేవకు,
పిలిస్తె రా, అనుడు.

అన్నిటి కింద ఒకటి మిగిలింది.
ఇంగ్లీషు అక్షరాలల్ల 'పర్వతాలు'.
తయారుచేసింది ఎవరో: ఖాళీ.
మెషిన్ మీద ప్రభావం: కొలవలేదు.
వైరస్సే అనుకున్న.

పర్వతాలంటె నాకంటె ముందు ఈ కుర్చీల కూసున్నోడు.
ఇప్పుడు మిర్యాలగూడల రైసుమిల్లు కాటా కాడ
లారీల తూకం కొడుతున్నడంట.
గోడకు ఒక మేకు, కుర్చీల ఒక దిండు,
ఇంతే ఇడిసిపోయిండనుకున్న.

తెరిచిన.
ఉత్త నోట్‌ప్యాడ్.
ఐదు నెలలుగ దినాం అన్నిటి ఎనక తెరుచుకుంటె
చదవకుండనే ఇంటూ కొట్టిన కాయిదం.

'అండాలు: బొటనవేలు పడదు. ఎడమచెయ్యి, ఉంగరం వేలు.
గట్టుప్పల సాలోళ్లు: వేళ్లకు రంగుంటది. తడిబట్ట రెండో అరల.
మర్రిగూడ రామచంద్రం: చెయ్యి చాపుకు రాదు,
ఫ్లోరైడు. మిషినే ఆయన కాడికి తీస్కపోవాలె.
సర్వర్ లేదని చెప్పకు. ఎన్నిటికి రావాలెనో చెప్పు.'

రెండో అర గుంజిన.
బట్ట ఉన్నది, రాయి లెక్క ఎండిపోయి.

బతికున్నట్టు సర్టిఫికెట్ కోసం
అండాలు ఎన్నిసార్లు వచ్చిందో నేను లెక్కపెట్టలే.
ఆమె బొటనవేలు
నాట్లల్ల అరిగింది, గిన్నెలల్ల అరిగింది,
దాన్నే అద్దం మీద ఒత్తిపిచ్చి
"మ్యాచ్ అయితలేదు, రేపు రా" అన్న.
ఐదు నెలలు మనిషి ఎదురుంగ నిలబడి
బతికున్ననంటె
మిషిన్ మాటే ఇన్న.

"అవ్వా, నీకు ఉంగరం వేలు పడుతదట గదనే,
ఒక్కమాట చెప్పకపోతివి?"

చాయ్ గలాసు బండ మీద పెట్టింది.
"చెప్తనే ఉన్న బిడ్డా.
నువ్వు తెర దిక్కు చూస్తున్నవ్."

ఏమనాలె.
"సోమారం రా. పదిన్నరకు," అన్న.
టైము చెప్పుడు అదే మొదలు.

బంద్ చేసి మళ్ల స్విచ్చేసిన.
నిమిషం నలభై సెకన్లు.
ఆమె గలాసుల చాయ్ ఇంక సల్లారలే.
నల్లటి తెర తెల్లగై,
అన్నిటికంటె ముందు
పర్వతాలు కాయిదమే లేచింది.

ఇంటూ కొట్టలే.
ఆఖరుకు పోయి ఒక లైను కొట్టిన:
'బయట బండ పదింటికే కాలుతది.
గోనెబస్తా ఎయ్యాలె.'

సేవ్ చేసి
బస్తా ఎతుకబోయిన.