బెజ్జం ఉన్న బల్ల

ఉలాన్‌బాతర్ ఉత్తరపు గుట్ట మీద
మనుషుల కంటే ముందే పొగ నిద్రలేచే పేటలో
నాది వడ్రం కొట్టు.
జనవరిలో ఒకరోజు, గడ్డకట్టిన జిగురు డబ్బాను
పొయ్యి పక్కన పెట్టి కరగబెడుతుంటే
ఒకావిడ వచ్చింది.
తలుపు అడగలేదు, మంచం అడగలేదు.
తన మోకాలికి జానెడు పైన అరచేయి అడ్డం పెట్టి
"ఇంత ఎత్తున్న మనిషికి ఏ ఎత్తు అందదు?" అంది.

ఇంత ఎత్తున్న మనిషంటే
నడక వచ్చి రెండు నెలలైన మనిషి.

పేరు ఓయున్‌గెరెల్. పిల్లల ఆస్పత్రిలో
రాత్రిపూట అంబులెన్సుకు ఎదురెళ్లే డాక్టరు.
పదిహేడేళ్లుగా అదే తలుపు, అదే గంట.
మొదట్లో నొప్పి మీద పరిశోధన చేసిందట.
మాటలు రాని పసివాడి నొప్పిని
ఒకటికీ పదికీ మధ్య ఎక్కడ నిలబెట్టాలి అని.
ముడిపడ్డ కనుబొమలు, బిగిసిన పిడికిలి,
ఏడవడం కూడా మానేసిన నిశ్శబ్దం,
అన్నిటికీ అంకెలు వేసింది.
"ఆ పట్టిక ఇంకా గోడ మీద ఉంది. పనికొస్తోంది కూడా.
కానీ నొప్పి వచ్చాక కొలుస్తున్నాను.
నీ దగ్గర టేపు ఉంది కదా,
రాకముందు కొలుద్దాం."

దస్త్రం తెరిచింది.
పదకొండు నెలలు. పద్నాలుగు నెలలు. మళ్లీ పద్నాలుగు.
వేళ: సాయంత్రం ఆరు, ఆరుంబావు.
కారణం: కరెంటు గిన్నె, నేల మీద.
గుడారం నడుమ పొయ్యి, ఆ పక్కనే గిన్నె,
అందులో పాలూ ఉప్పూ వేసిన టీ తెర్లుతూ.
మా ఇంట్లోనూ అంతే. మా అమ్మ ఇంట్లోనూ అంతే.

"తల్లులు చూసుకోవద్దా?" అన్నాను.
ఆమె కోప్పడలేదు. ఒక పేజీ తిప్పి చూపించింది.
తల్లి బొగ్గు తేవడానికి బయటికెళ్లింది. రెండు నిమిషాలు.
కింది వరసలో: బొగ్గు. కింద: నీళ్లు. కింద: బొగ్గు.

చేశాను. నాలుగు కాళ్లు, నున్నటి పైచెక్క,
అంచున మా తాత నేర్పిన అల్లిక చెక్కడం.
నలభై ఇళ్లకు పంచాం.
నెల తర్వాత ఇల్లిల్లూ తిరిగాం.
ఒక ఇంట్లో నా బల్ల మీద టీవీ.
ఒక ఇంట్లో బుద్ధుడి పటం, ముందు దీపం.
ఒక ముసలాయన దాని మీద తన గుర్రప్పందెం పతకాలు పేర్చుకుని
మమ్మల్ని కూర్చోబెట్టి ఒక్కోదాని కథా చెప్పాడు.
గిన్నె మాత్రం నేల మీదే.
నాకు తల కొట్టేసినట్టయింది. ఓయున్‌గెరెల్
బయటికొచ్చి మంచులో నిలబడి నవ్వింది,
కళ్లద్దాలు మసకబారేదాకా.
"మరీ మంచి బల్ల చేశావయ్యా. అదే తప్పు."

ఆ రాత్రే బల్ల నడుమ గుండ్రంగా కోసేశాను,
గిన్నె దిగేంత, దాని అంచు పట్టేంత.
ఇక దాని మీద దేవుడు నిలవడు, టీవీ నిలవదు.
ఇంత వికారమైన వస్తువు
నేను పుట్టి బుద్ధెరిగి చేయలేదు.

ఆమె పేపరు రాసింది.
చిట్టచివర, చిన్న అక్షరాల్లో,
నాకు చదవరాని భాషలో నా పేరుందట,
గోంచిగ్, వడ్రంగి అని. వేలు పెట్టి చూపించింది.
"ఎంతమంది తగ్గారు?"
"తగ్గినట్టే ఉంది," అంది. "ఇంకో రెండు చలికాలాలు పోనీ."
అన్ని రాత్రులు అన్ని ఏడుపులు విన్న మనిషి
ఒక్క అంకె చెప్పడానికి అంత జంకుతుంది.

మొన్న పొద్దుపోయాక డ్యూటీ దిగి కొట్టుకొచ్చింది.
కోటు నిండా కాలిన గాయాల మందు వాసన.
ఏమీ చెప్పలేదు.
బల్ల ఉన్న ఇల్లేనా అని అడగబోయి
మేకులు ఏరుకుంటూ ఉండిపోయాను.
కాసేపు పొయ్యి దగ్గర కూర్చుని, లేచి,
నా టేపు తీసుకుని
సగంలో ఉన్న బల్ల కాలు కొలిచింది.
"ఇంకో రెండు వేళ్లు పెంచు."

కోసిన కర్రను పెంచడం ఎవరివల్లా కాదు.
ఆ కాళ్లు పొయ్యిలోకి తోసి
కొత్తవి మొదలుపెట్టాను.